గంప ఎవరి మీద?

మా పెరట్లో తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. హనుమకొండలో వడ్డేపల్లి చెరువు వైపు ఇల్లు. వెనక వేపచెట్టు, దాని కింద రేకుల గూడు. కార్తీకం వెళ్లాక ఒక పొద్దున గూడు తలుపు తీస్తే ఎనిమిది పెట్టలే బయటికొచ్చాయి. బూడిదరంగు పెట్ట లోపలే, మూలకు తల దూర్చి నిలబడి ఉంది. చేతుల్లోకి తీసుకుని చూశాను. తల వెనక రూపాయి బిళ్లంత మేర ఒక్క ఈక లేదు. చర్మం పచ్చిగా ఉంది, నడుమ నెత్తురు గడ్డకట్టింది. దాని గుండె నా అరచేతికి దడదడమని తగులుతోంది. బయట నల్లపెట్ట గింజల పళ్లెం ముందు నిలబడి, ఎవరు దగ్గరికొచ్చినా మెడ చాపి ఒక్క పోటు పొడుస్తోంది.

అప్పుడు నేను చేసిందే చాలామంది చేస్తారు. బూడిద పెట్టకు పసుపు అద్ది, వరండాలో గంప కింద కమ్మాను. నీళ్లు, నూకలు పెట్టాను. దెబ్బ తిన్నదాన్ని కాపాడాననుకున్నాను. తొమ్మిది రోజులకు పుండు మానింది. సంతోషంగా తీసుకెళ్లి మందలో వదిలాను. నల్లపెట్ట ఒక్కటే అయితే ఏమో గాని, ఈసారి ఆరు పెట్టలు దాని మీద పడ్డాయి. అంతకుముందు దాని జోలికి రానివి కూడా పొడిచాయి. పుంజు అడ్డం రాకపోతే ఆ పూటే అది ప్రాణం వదిలేది.

మళ్లీ గంప తెస్తుంటే గోడ అవతలి నుంచి పక్కింటి అవ్వ పిలిచింది. డెబ్బై ఐదు దాటిన మనిషి, పుట్టినప్పటి నుంచి కోళ్ల మధ్యే బతికింది. “కొడుకా, దెబ్బలు తిన్నది గంప కింద ఉండె. కొట్టింది పెరడంత ఏలవట్టె. గిదేం న్యాయం?” అంది. “మరేం చెయ్యమంటవ్ అవ్వా?” అని అడిగితే, “నల్లదాన్ని కమ్ము” అని లోపలికి వెళ్లిపోయింది.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట గురించే.

కోళ్ల మందలో ఒక వరస ఉంటుంది. నార్వేలో థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె అనే జంతుశాస్త్రజ్ఞుడు చిన్నతనం నుంచే కోళ్లను చూస్తూ, ఏది దేన్ని పొడుస్తోందో రాసుకుంటూ పెరిగాడు. ఆ పరిశీలనలను 1921లో వెలువరించాడు. మందలో ప్రతి పెట్టకూ తాను ఎవరిని పొడవవచ్చో, ఎవరి ముందు తల వంచాలో తెలుసని ఆయన చూపించాడు. ‘పెకింగ్ ఆర్డర్’ అని ఇప్పుడు ఆఫీసుల్లోనూ వాడే మాట కోళ్ల గూటి నుంచి వచ్చిందే. దాన్ని మనం పొడుపు వరస అనుకుందాం. వరస కుదిరిన మందలో నిజమైన దెబ్బలు అరుదు. పైది ఒక చూపు చూస్తే కిందిది పక్కకు జరుగుతుంది. ఆ చూపే గొడవను ఆపుతుంది.

వరస కదిలితేనే నెత్తురు కనిపిస్తుంది. కొత్త కోడి వచ్చినా, ఉన్నది పోయినా, పోయింది తిరిగి వచ్చినా వరస మళ్లీ మొదటి నుంచి కుదరాలి. నేను బూడిద పెట్టను తొమ్మిది రోజులు దూరంగా ఉంచి, దానికున్న ఆ చివరి స్థానం కూడా పోగొట్టాను. తిరిగొచ్చేసరికి అది మందకు పరాయిదైంది. పుండు మాన్పానుగాని దాని చోటు తీసేశాను.

అలా అని ప్రతి పోటుకూ గంప ఎత్తవద్దు. ఒక పోటు పొడిచి వదిలేస్తే అది వరస మాట, జోక్యం చేసుకోకండి. వెంటపడి తరమడం, తిండి దగ్గరికి రానివ్వకపోవడం, పొద్దంతా గూటి కర్ర మీది నుంచి దిగనివ్వకపోవడం, ఒకే చోట పదేపదే పొడిచి నెత్తురు తీయడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కదలాలి. కోళ్లకు ఎరుపంటే ఆకర్షణ. ఒకటి నెత్తురు తీస్తే తక్కినవీ అక్కడే పొడుస్తాయి, పొద్దుగూకేసరికి పెట్ట మిగలదు. అందుకే పుండు మీద ఎరుపు కనిపించకుండా చేయడం మొదటి పని. పసుపు, వేపనూనె కలిపి రాయవచ్చు. మందుల దుకాణంలో దొరికే జెన్షన్ వయొలెట్ రాస్తే రంగు కూడా మారుతుంది.

రెండో పని కూర్చుని చూడడం. మన ఇళ్లలో పొడిచే పెట్టకు తీర్పు తొందరగా పడిపోతుంది. మా ఇంట్లోనూ, వచ్చే జాతరకు మేడారం తీసుకెళ్లి మొక్కు చెల్లించేద్దామన్నారు. నేను రెండు రోజులు గడువు అడిగాను. వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, నోటుపుస్తకంలో నల్లపెట్ట ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని పొడిచిందో రాశాను. మొదటి రోజు పదిహేడు పోట్లు లెక్కకొచ్చాయి. అందులో పద్నాలుగు గింజల పళ్లెం దగ్గర. రెండు, గుడ్లు పెట్టే బుట్ట దగ్గర. ఒక్కటి మాత్రం కారణం తెలియకుండా.

ఆ పద్నాలుగు చూసినప్పుడు సిగ్గేసింది. తొమ్మిది పెట్టలకు నేను పెట్టింది ఒకే పళ్లెం. అంతకు నెల కిందట అంగట్లో గ్రామప్రియ రకం పెట్టలను మూడింటిని కొనుక్కొచ్చి, ఇంటికి రాగానే మందలో వదిలేశాను. పాత ఆరింటికి ఆ పళ్లెం సరిపోయేది. తొమ్మిదైనా పళ్లెం అదే. నల్లపెట్ట ఎప్పుడూ ఇలా లేదు. దాని వరసను కదిపిందీ, దాని తిండికి పోటీ తెచ్చిందీ నేనే.

కాబట్టి గంప పట్టుకునే ముందు ఈ లెక్క చూసుకోండి. గింజలు రెండు మూడు చోట్ల పెట్టండి. ఒక చోట నిలబడితే రెండో చోటు కనిపించకుండా చెట్టో గోడో అడ్డం ఉంటే ఇంకా మేలు, ఒక్క పెట్ట అన్నిటికీ కాపలా కాయలేదు. ఒక్కో పెట్టకు తినేటప్పుడు కనీసం పది సెంటీమీటర్ల అంచు అందాలి. గుడ్లు పెట్టడానికి నాలుగైదు పెట్టలకు ఒక బుట్ట ఉండాలి. రాత్రి కర్ర మీద ఒక్కోదానికి జానెడు చోటు కావాలి. నీళ్లు కూడా రెండు చోట్ల పెట్టండి. మన దగ్గర మే నెల ఎండకు నీడ ఉన్నది ఒక్క మూలే అయితే, ఆ మూలలోనే అన్ని గొడవలూ జరుగుతాయి.

తిండిలో ఏముందన్నది కూడా చూడాలి. తవుడు, నూకలతోనే పెంచితే పెట్టకు మాంసకృత్తులు చాలవు. అప్పుడు పక్కదాని ఈకలు పీకి తింటుంది. అది మనకు కొవ్వులా కనిపిస్తుంది, దానికి అది ఆకలి. గుడ్లు పెట్టే కోడి దాణాలో పదహారు నుంచి పద్దెనిమిది శాతం మాంసకృత్తులు ఉండాలి. పల్లిచెక్క కొంచెం, ఎండుచేపల పొడి కొంచెం కలిపితే తేడా తెలుస్తుంది. మా అమ్మ అయితే పాత కుండలో పేడ, గోనె ముక్క వేసి, నీళ్లు చల్లి, పుట్ట పక్కన బోర్లించేది. రెండు రోజులకు కుండ నిండా చెదలు. ఆ కుండ దులిపితే కోళ్లు తినే తీరు చూసి తీరాలి. ఉప్పు తక్కువైనా ఈకలు పీకుతాయి. కాని ఉప్పు చేతితో అందాజుగా వేయకండి, ఎక్కువైతే కోడి చస్తుంది. ఇంట్లో కలుపుకునే దాణాకైతే కిలోకు మూడు గ్రాములు చాలు. కొన్న దాణాలో ఉప్పు ముందే ఉంటుంది, మళ్లీ వేయనక్కర్లేదు.

ఇంతకాలం నెమ్మదిగా ఉన్న పెట్ట ఒక్కసారిగా మీద పడుతోందంటే రెండు సంగతులు చూడాలి. ఒకటి, పొదుగుకు వచ్చిందేమో. బుట్ట వదలదు, చెయ్యి పెడితే ఒళ్లంతా ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది, రొమ్ము కింద ఈకలు రాలి చర్మం వేడిగా తగులుతుంది. అది పోట్లాట కాదు, ఇరవై ఒక్క రోజుల తపస్సు. గుడ్లు పెట్టి వేరే చోట కూర్చోబెట్టండి. పొదిగించే ఉద్దేశం లేకపోతే, కింద గాలి ఆడే జాలీ పెట్టెలో తిండీ నీళ్లతో మూడు నాలుగు రోజులు ఉంచితే పొదుగు దిగుతుంది. ముక్కు రంధ్రంలో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచి తీయడం ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. దయచేసి ఆ రెండూ వద్దు. పిల్లల కోడి మనిషి మీదకి దూకినా తప్పు పట్టకండి. చిన్న పిల్లలను కొన్ని వారాలు పెరట్లోకి పంపకుండా ఉంటే సరిపోతుంది. మీ మీదకి వస్తే తన్నకండి, పరుగెత్తకండి. చాట అడ్డం పెట్టి నిలబడండి. కాసేపటికి అదే తగ్గుతుంది.

రెండోది, ఒంట్లో బాగా లేదేమో. కోడికి రాత్రి చూపు తక్కువ, చీకటి పడ్డాక పట్టుకుంటే గింజుకోదు. టార్చి వేసి రెక్కల కిందా, తోక కిందా పేలున్నాయేమో చూడండి. పొట్ట గట్టిగా, వాచినట్టు ఉందేమో తడిమి చూడండి. అనుమానముంటే వరంగల్ వాళ్లకు మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి.

ఇవన్నీ సరిచేశాక కూడా పొడుపు ఆగకపోతే గంప ఎత్తండి. కొట్టినదాని మీద.

నేనూ పళ్లేలు మూడు చేసి చూశాక, నల్లపెట్టను చీకటి పడ్డాక కర్ర మీది నుంచి తీసి, ఇంటి ముందు వైపు, మందకు కనిపించని చోట జాలీ పెట్టెలో ఉంచాను. నీడ, నీళ్లు, దాణా అన్నీ ఉన్నాయి. ఇది శిక్ష కాదు, ఆకలికి మాడ్చకూడదు. మొదటి రోజంతా అది జాలీ వెంబడి అటూ ఇటూ తిరిగింది. రెండో రోజు కూర్చుంది. పెరట్లో ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో చూడండి. ముందు గ్రామప్రియల్లో పెద్దది పళ్లెం ముందు నిలబడింది. పాత ఎర్రపెట్ట దాన్ని ఎదిరించింది. నాలుగైదు సార్లు రొమ్ములు తగిలాయి, నెత్తురు రాలేదు. మధ్యాహ్నానికి ఎర్రపెట్టదే పైచేయి. బూడిద పెట్ట పుండు మీద నీలం రంగు రాసి మందలోనే ఉంచాను. మూడో పళ్లెం దగ్గర, అందరికన్నా ఆఖర్న, నిమ్మళంగా తింది. ఎన్నాళ్ల తర్వాతో దాని తిత్తి నిండింది.

నాలుగో రోజు రాత్రి నల్లపెట్టను తెచ్చి, నిద్రపోతున్న మందలో కర్ర చివర కూర్చోబెట్టాను. చీకట్లోనే కలపాలి, తెల్లారేసరికి పక్కనే ఉన్నది అంత పరాయిదిగా తోచదు. పొద్దున్నే లేచి పెరడంతా గింజలు విరజిమ్మాను. నల్లపెట్ట మామూలుగా మొదటి పళ్లెం వైపు నడిచింది. ఎర్రపెట్ట తల ఎత్తి, మెడ ఈకలు రేపి దాని ఎదుట నిలిచింది. ఒక క్షణం రెండూ కదల్లేదు. తర్వాత నల్లపెట్ట తల దించి, అక్కడ గింజలేవో ఉన్నట్టు నేలను గీకుతూ పక్కకు వెళ్లిపోయింది. గోడ అవతల అవ్వ కూడా నిలబడి చూస్తోంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

నాలుగు రోజుల్లో కుదరకపోతే వారం చేయండి. దెబ్బ తిన్నదాని పుండు లోతుగా ఉంటే దాన్నీ కాపాడాలి. కాని దూరంగా తీసుకెళ్లకుండా, పెరట్లోనే జాలీ అడ్డం కట్టి మందకు కనిపించేలా ఉంచండి. అప్పుడు దాని చోటు పోదు. కొత్త కోళ్లను తెచ్చినా ఇదే పద్ధతి. ముందు మూడు వారాలు పూర్తిగా వేరుగా ఉంచాలి, లేకపోతే అంగడి నుంచి కొక్కెర తెగులు ఇంటికి వస్తుంది. తర్వాత ఒక వారం జాలీ అవతల ఉంచి, రాత్రి కలపాలి. ఒక్కదాన్ని ఎప్పుడూ కలపకండి, కనీసం రెండైనా ఉంటే దెబ్బలు పంచుకుంటాయి.

ఇక్కడ నా జీవితంలో ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ముప్పై ఏళ్ల కిందట నేనొక మగపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. ఏడో తరగతి పిల్లవాణ్ని అదే గదిలో ఉన్న పెద్ద కుర్రవాడు రోజూ కొడుతున్నాడని తెలిసింది. చిన్నవాడి మేలు కోరి, వాణ్ని వేరే గదికి మార్చాను. సమస్య తీరిందనుకున్నాను. కొత్త గదిలో వాడు పరాయివాడు. “ఏదో చేసుంటడు, అందుకే మార్చిన్రు” అని పిల్లలు అనుకున్నారు. వాళ్లు కొట్టలేదు, వాడితో మాట్లాడలేదు, అంతే. నెల తిరగకముందే ఒక పొద్దున వాళ్ల నాయన వచ్చి ట్రంకు పెట్టె భుజాన వేసుకుని, వాణ్ని తీసుకుపోయాడు. కొట్టినవాడు అదే గదిలో, అదే కిటికీ పక్క మంచంలో పదో తరగతి దాకా ఉన్నాడు. వాడెందుకు కొడుతున్నాడని నేను ఒక్క రోజు కూడా కూర్చుని చూడలేదు. ఆ గదిలో ఎనిమిది మందికి ఉన్నవి నాలుగు అలమరలు.

అవ్వ గోడ మీది నుంచి ఆ మాట అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ట్రంకు పెట్టే. మనం ఎన్ని చోట్ల ఇదే పని చేస్తున్నామో ఆలోచించండి. ఇంట్లో నోరున్నవాళ్ల జోలికి పోలేక, ఏడ్చినదాన్ని “నువ్వే సర్దుకుపో బిడ్డా” అంటాం. ఆఫీసులో అరిచే అధికారి కుర్చీ కదలదు, తిట్లు తిన్న గుమాస్తాకు బదిలీ. బడిలో దెబ్బలు తిన్న పిల్ల బడి మారుతుంది. దెబ్బ తిన్నవాళ్లను కదపడం సులువు, వాళ్లు ఎదురు తిరగరు. అందుకే అది కాపాడినట్టు కనిపిస్తుంది. ప్రాణభయం ఉన్న చోట సంగతి వేరు, అక్కడ దెబ్బ తింటున్న మనిషిని ముందు బయటికి తేవాలి, ఒక్క పూట ఆలస్యం చేయకూడదు. అలాంటిది కాని చోట, ముందు పళ్లెం లెక్క చూడండి. తర్వాత కొట్టినవాళ్లతో మాట్లాడండి, అవసరమైతే వాళ్లనే కదపండి. తిండి, నీడ, మర్యాద తగ్గించకుండా కదపండి. నల్లపెట్ట నాకు శత్రువు కాదు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. కొన్ని పెట్టలు ఎంత చేసినా మారవు. గుణం కొంత రక్తంలో వస్తుంది. మన ప్రాంతంలో పోట్లాట రక్తాన్ని కోరి పెంచిన చరిత్ర చాలా పాతది. వినుకొండ వల్లభరాయడి పేరుతో ఉన్న క్రీడాభిరామంలో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వేడుకల్లో కోడిపందెం ఒకటి. పందెం కోసం తరతరాలుగా ఏరిన అసీల్ జాతి రక్తం మన నాటు కోళ్లలో చాలావాటికి కలిసింది. ఆ పెట్టలు పిల్లలను కాచే తీరు అద్భుతం, గద్దను కూడా ఎదిరిస్తాయి. ఇరుకు గూట్లో వేస్తే ఆ ధైర్యమే పక్కదాని తల మీద పడుతుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ లాంటివి గుడ్లు ఎక్కువ పెడతాయి, పొదుగు తక్కువ. నాటు పెట్టలూ ఇవీ ఒకే పెరట్లో ఉన్నప్పుడు చోటు ఇంకా ధారాళంగా ఉండాలి.

రక్తంలో ఉన్నది ఎంచుకుంటే మారుతుంది కూడా. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విలియం మ్యూర్ అనే జన్యుశాస్త్రవేత్త చేసిన పని 1996లో అచ్చయింది. అందరూ ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టను విడిగా ఏరి దాని సంతతిని పెంచేవారు. ఆయన పెట్టను చూడలేదు, పంజరాన్ని చూశాడు. ఏ పంజరంలో పెట్టలన్నీ కలిసి ఎక్కువ గుడ్లు పెట్టి, ఎక్కువ కాలం బతికాయో ఆ పంజరం మొత్తాన్ని తర్వాతి తరానికి తల్లులుగా తీసుకున్నాడు. ముక్కులు కోయలేదు. కొన్ని తరాల్లోనే ఏడాదిలో చనిపోయే పెట్టలు 68 శాతం నుంచి 8.8 శాతానికి తగ్గాయి. గూట్లో వేసిన ఒక్కో పెట్టకు వచ్చే గుడ్లు 91 నుంచి 237కి పెరిగాయి. పక్కదాన్ని బతకనిచ్చే పెట్టలే మిగిలాయి కనుక.

పెరట్లో మనం చేయగలిగిన ఎంపిక చిన్నది. ఏ పెట్ట గుడ్లు పొదగేయాలన్నది మన చేతిలో ఉంది. అంగట్లో పెట్టను కొనేటప్పుడు దాని తల్లి మందలో ఎలా మెలిగేదో అడగండి, అమ్మే ఆడవాళ్లు నిజం చెబుతారు. ఏం చేసినా మారని పెట్టను, పెద్ద పెరడు, పెద్ద కోళ్లు ఉన్నవాళ్లకు ఉన్న సంగతి చెప్పి ఇవ్వండి. చివరికి కోసుకుని తినడమే మిగిలితే అదీ తప్పు కాదు. తోటి కోళ్లను రోజూ పొడవనిస్తూ దాన్ని ఉంచడం కంటే నయం. పందెగాళ్లకు మాత్రం అమ్మకండి.

మా నల్లపెట్ట ఇంకా ఉంది. వరసలో ఇప్పుడు మూడోది. ఫాల్గుణంలో పొదుగుకు వచ్చింది. దాని గుడ్లు నేను ముందే తీసేశాను. ఎర్రపెట్టవి ఐదు, బూడిద పెట్టవి ఆరు తెచ్చి దాని కింద పెట్టాను. బూడిద పెట్ట తల మీద ఈకలు మళ్లీ వచ్చాయి, అవి మాత్రం కొంచెం లేత రంగులో ఉన్నాయి. మొన్న అవ్వ గోడ దగ్గరికొచ్చి బుట్టలోకి తొంగి చూసింది. “ఎన్ని రోజులాయె?” అంది. పదహారు అన్నాను. “ఇంక ఐదు రోజులు. నాకు రెండు పిల్లలు కావాలె, బూడిదదానియి” అని, కొంగు ముడిలోంచి నూకలు తీసి నల్లపెట్ట ముందు పోసింది.